జానెడు దూరం

ఆమె పత్రికలో ఆటల ఫొటోగ్రాఫర్. పెళ్ళికి ముందు చేరిన ఉద్యోగం, తలలో తెల్ల వెంట్రుకలు కనిపించేదాకా అదే. మైదానం గీతకు ఇవతల మడత స్టూలు వేసుకుని, బారెడు లెన్స్ మోకాలి మీద ఆనించి, అంత దూరాన పరిగెత్తేవాళ్ళ కనుబొమల మీది చెమట చుక్కను పట్టుకోవడం ఆమె పని. "వాణ్ణి నేను చూసినంత దగ్గరగా వాడి పెళ్ళాం కూడా చూసి ఉండదు. కానీ రోడ్డు మీద ఎదురైతే నేనెవరో వాడికి తెలీదు" అని నవ్వుతుండేది.

ఒక ఉదయం ఫొటో ఎడిటర్ ఆమె బల్ల మీద చిన్న అట్టపెట్టె పెట్టాడు. ఏ పని చెప్పినా చివర్లో ఒక మాట తగిలిస్తాడు కాబట్టి ఆఫీసులో అందరూ ఆయన్ని చాటుగా గబగబగారు అంటారు.

"కొత్త లెన్స్. కంపెనీవాళ్ళు వాడి చూడమని పంపారు. నాలుగు రోజులు చేతిలో పెట్టుకుని, మొదటిచూపుకి ఎలా అనిపించిందో ఒక పేజీ రాసియ్యమ్మా, గబగబా."

ఆమె పెట్టె విప్పింది. మంచినీళ్ళ గ్లాసంత కూడా లేదు. ముందు గాజు మాత్రం చేప కన్నులా ఇంత పెద్దది.

"ఇదేంటి సార్, పొట్టిగా?"

"వైడ్ లెన్స్. జూమ్ గీమ్ ఏమీ ఉండదు. ఒకటే చూపు. కానీ చీకట్లో కూడా వెలుతురు లాగేస్తుందట."

"నేను మైదానం మనిషిని. నాకెందుకిచ్చారు?"

"రోజూ ఇలాంటివి వాడేవాడికిస్తే పొగుడుతాడు. నువ్వైతే ఉన్నదున్నట్టు తిడతావు."

ఆమె దాన్ని కెమెరాకు బిగించి కంటికి పెట్టుకుంది. ఆఫీసు మొత్తం ఒక్కసారి మీదికొచ్చి పడ్డట్టయింది. పైన ట్యూబులైట్లు, కింద చిక్కుపడ్డ వైర్లు, ఈ గోడ, ఆ గోడ, ఎవరో కుర్చీ వీపుకు తగిలించిన స్వెట్టరు. బల్లకు అవతలే నిలబడ్డ గబగబగారు మాత్రం ఎక్కడికో వెళ్ళిపోయి బొమ్మల కొట్లో బొమ్మంత అయ్యాడు. తెలియకుండానే ఆమె వేళ్ళు జూమ్ కోసం తడుముకున్నాయి. తిప్పడానికి ఏమీ లేదు. ఇన్నేళ్ళూ దూరంగా ఉన్నవాళ్ళను దగ్గరికి లాక్కోవడం అలవాటైన కంటికి, దగ్గరున్న మనిషి కూడా అలా జారిపోతుంటే లోపలేదో వెలితిగా అనిపించింది.

"ఇందులో మీరు అడ్రసు లేకుండా పోయారు సార్" అంది.

అప్పుడే ఫోను మోగింది. ఆస్పత్రి నుంచి. చెల్లెలికి పొద్దున బీపీ అమాంతం పెరిగిపోయిందట, ఇంకా ఏడో నెలే, ఆపరేషన్‌కి తీసుకెళ్తున్నామన్నారు. కెమెరా, రెండు లెన్సులు ఉన్న బ్యాగు అలాగే భుజాన వేసుకుని ఆమె పరుగెత్తింది.

చెల్లెలంటే ఆమెకు చెల్లెలొక్కటే కాదు. అమ్మ పోయేనాటికి చెల్లెలు రెండో తరగతి. జడలు వేసింది, లెక్కలు చెప్పింది, జ్వరమొస్తే పక్కన పడుకుంది, చివరికి పెళ్ళి కూడా తనే చేసింది. తనకు మాత్రం పిల్లలు కలగలేదు. భార్యాభర్తలిద్దరూ ఆస్పత్రుల చుట్టూ తిరిగినన్నాళ్ళు తిరిగి, ఒక రోజు ఫైళ్ళు అటక మీద పెట్టేశారు. ఆ తర్వాత ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. చెల్లెలు తన కడుపు సంగతి చెప్పినప్పుడు కూడా ముందు కాసేపు నీళ్ళు నమిలి, అక్క ముఖంలోకి చూడకుండా చెప్పింది.

ఆమె వెళ్ళేసరికి ఆపరేషన్ అయిపోయింది. మగపిల్లవాడు. పైఅంతస్తులో చెల్లెలు ఒంటినిండా వైర్లతో, ముఖమంతా ఉబ్బి పడుకుని ఉంది. కదపడానికి వీల్లేదన్నారు. పిల్లవాడు కింద, నెలలు నిండని పిల్లలుండే వార్డులో.

"అక్కా, వాడేడి?" చెల్లెలు కళ్ళు తెరుస్తూనే అడిగింది. "నాకు చూపించలేదే. ఏడ్చాడా? ఏడిస్తే నాకు వినపడాలి కదా?"

"కింద ఉన్నాడు. బాగానే ఉన్నాడు."

"నువ్వు చూశావా?"

"ఇప్పుడే వెళ్తున్నా."

"మరి చూడకుండానే బాగున్నాడంటావేంటే!"

కింద వార్డు తలుపు దగ్గర కళ్ళజోడు నర్సు ఆపింది. తల్లి కాక ఇంకొక్కరికే లోపలికి పాసు. తండ్రి ఎక్కడని అడిగింది.

"ఓడలో ఇంజనీరండీ. నడిసముద్రంలో ఉన్నాడు. రేవుకి చేరి, విమానం ఎక్కి రావాలి."

"మీరేమవుతారు?"

"పెద్దమ్మని."

ఆ మాట తన నోటి నుంచి రావడం అదే మొదటిసారి. నర్సు అది రాసుకుని పాసు చేతికిచ్చింది.

లోపల మసక వెలుతురు. ఆ వయసు కళ్ళకు వెలుగు పడదని దీపాలు తగ్గించి ఉంచారు, ప్రతి అద్దాల పెట్టె మీదా నీలం గుడ్డ కప్పారు. నర్సు ఒక పెట్టె మీది గుడ్డ కొంచెం పైకెత్తి "వీడే మీవాడు. మేం గుప్పెడు అని పిలుస్తున్నాం" అంది. నిజంగానే గుప్పెడు. ముక్కులో గొట్టం, తలకు టోపీ, ఎర్రటి పాదం.

ఆమె ఫోనుతో ఒక ఫొటో తీసి పైకి తీసుకెళ్ళింది. చెల్లెలు చాలాసేపు చూసింది. మసక, అద్దం మీద మెరుపు, మధ్యలో ఎర్రగా ఏదో అలికినట్టు.

"ఇది ఎవరి బిడ్డైనా కావచ్చు" అని ఫోను తిరిగిచ్చేసి ముఖం గోడవైపు తిప్పుకుంది.

అప్పుడు ఆమెకు బ్యాగు గుర్తొచ్చింది. బారెడు లెన్స్ ఇక్కడ ఎందుకూ పనికిరాదు. నాలుగు బారల దూరం లేనిదే దానికి ఎదుటిది ఆనదు. కొత్తది బిగించుకుని నర్సు దగ్గరికి వెళ్ళింది.

"ఫ్లాష్ వేస్తే మాత్రం ఊరుకోను" అంది నర్సు.

"దీనికి అక్కర్లేదంట."

"అంట ఏంటి, మీదేగా?"

"ఈ రోజే చేతికొచ్చిందండీ. దీని సంగతి నాకూ తెలీదు."

నర్సు నవ్వి, కెమెరాను మందు గుడ్డతో తనే తుడిచి ఇచ్చింది.

మొదటి ఫొటో ఆమె అలవాటు చొప్పున దూరం నుంచే తీసింది. అంత మసకలోనూ గది పగటిపూటలా వచ్చింది. చీకట్లో తీసిన ఫొటోల్లో పడే గరుకు ఒక్క పిసరు కూడా లేదు. పెట్టెల వరస, నీలం గుడ్డలు, యంత్రాల మీద పచ్చటి అంకెలు, తలుపు పక్క చేతులు కడుక్కునే తొట్టి, అన్నీ ఉన్నాయి. చెల్లెలు కెమెరా వెనక చిన్న తెరలో చూసి "గది చాలా బాగుందక్కా. అద్దెకు తీసుకోవచ్చు. నా కొడుకేడి?" అంది.

ఆమె మళ్ళీ దిగి వెళ్ళింది. పెట్టెకు రెండడుగుల దూరంలో నిలబడింది. చాల్లేదు. ఒక అడుగు. అయినా వాడు ఎక్కడో లోతున ఉన్నట్టే ఉన్నాడు.

"ఇంకా దగ్గరికి వెళ్ళండి పెద్దమ్మా, వాడికి పళ్ళు లేవు, కరవడు" అంది నర్సు వెనక నుంచి.

ఆమె మోకాళ్ళు వంచి, లెన్స్ అంచును అద్దానికి ఆనించింది. మెరుపులు మాయమయ్యాయి. ఇప్పుడు వాడికీ గాజుకీ మధ్య జానెడు. లెన్స్ లోపలి వెలుతురు ద్వారాన్ని ఎంత తెరుచుకుంటే అంత తెరిచింది. ఆ అంచు మీదే కెమెరాను నెమ్మదిగా వాలుస్తుంటే, పొగలోంచి వచ్చినట్టు వాడి కనుబొమ ఉండాల్సిన చోట నూగు కనబడింది. ఇంకాస్త వాలిస్తే నూగు పోయి రెప్ప తేలింది. రెప్ప కుదిరితే చెవి కరిగిపోయింది. ఒక వెంట్రుకవాసి ఇటైనా అటైనా వాడు జారిపోతున్నాడు. తన ఊపిరికి తెర మీద ఆవిరి పట్టింది. ఊపిరి బిగబట్టింది. ఇన్నేళ్ళలో తాను ఫొటో తీసే మనిషికి ఊపిరి తగిలేంత దగ్గరికి వెళ్ళడం ఆమె ఎరగదు. ఆ పక్కటెముకలు లేచి పడుతున్నాయి. ఒకటి లేచేదాకా ఉండి మీట నొక్కింది.

చెల్లెలు కెమెరాను కళ్ళ దగ్గరికి లాక్కుని ఆ ఫొటో చూసింది. ఆ తర్వాత "ముక్కు మన నాన్నది" అంది. "పాపం, ఎవరి ముక్కు వద్దనుకున్నానో అదే వచ్చింది." ఏడుస్తూనే నవ్వుతూ వేలితో తెర మీద వాడి బుగ్గను నిమిరింది. తెర మారిపోయి పక్క ఫొటో వచ్చింది.

"అక్కా! ఇదేంటి, చేయి వస్తాదు చేయిలా ఉంది?"

"ఈ లెన్స్ గుణం అదే. దగ్గరున్నదాన్ని పెద్దది చేస్తుంది. చేయి ఇటు చాపుకుని ఉన్నాడు."

"మరి నిజానికి ఎంత ఉంటుంది?"

అక్క తన బొటనవేలి మొదటి గణుపు చూపించింది. చెల్లెలు ఆ గణుపు వైపే చూస్తూ ఉండిపోయింది.

"అంతేనా?"

"అంతే."

ఆ రోజు నుంచి అక్కకు అదే పని. పొద్దునా సాయంత్రం చెల్లెలు నొప్పి ఓర్చుకుని పంపుతో పాలు తీసేది. సీసా అడుగున నాలుగు చెంచాలు, మందు సీసాలో మందులా. దాన్ని చేతుల మధ్య వెచ్చగా పట్టుకుని అక్క కిందికి దిగేది. పైనుంచి కిందికి పాలు, కిందినుంచి పైకి ఫొటోలు. ఆపరేషన్ తర్వాత చెల్లెలికి పట్టుకున్న జ్వరం తగ్గలేదు కాబట్టి ఆమెను కిందికి పంపలేదు. అందుకని రోజూ ఏం తీసుకురావాలో చెప్పి పంపేది. ఒక రోజు పాదాలు, ఒక రోజు చెవి. ఇంకో రోజు, "అక్కా, వాడొక్కడే వద్దు. చుట్టూ ఏముందో కనపడేట్టు తియ్యి. ఒంటరిగా ఉన్నాడేమోనని నిద్ర పట్టట్లేదు."

అప్పుడు తెలిసింది ఆమెకు ఆ పొట్టి లెన్స్ సంగతి. జానెడు దూరంలో వాడి ముఖం నిండుగా ఉంటూనే, వెనక గదంతా మెత్తగా నిలబడేది. నర్సు కళ్ళజోడు, గుడ్డ నీలం, కిటికీలోంచి వచ్చే పలచటి వెలుతురు. తన పెద్ద లెన్స్ అయితే వాణ్ణి లోకం నుంచి కత్తిరించి ఇచ్చేది. ఇది వాణ్ణి వాడి చోటుతో సహా ఇచ్చింది. చెల్లెలు ఆ ఫొటోలు చూస్తూ "ఈవిడేనా నర్సు? మంచి ముఖం. ఈ కిటికీలోంచి ఎండ పడుతుందా వాడి మీద?" అని అడిగి అడిగి, నిద్రలోకి జారేది.

గబగబగారు ఫోను చేసి పేజీ ఏమైందన్నాడు. ఆమె ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని రాసి పంపింది. ఆయన చదివి మళ్ళీ చేశాడు.

"ఇందులో లెన్స్ ఎక్కడుందమ్మా? అంతా పసివాడే ఉన్నాడు. అంచుల్లో స్పష్టత ఎలా ఉంది? మూలలు నల్లబడుతున్నాయా?"

"మూలల్లోకి చూడలేదు సార్."

"సరే, మూలల సంగతి ఇంకెవరిచేతైనా రాయిస్తాలే. లెన్స్ నీ దగ్గరే ఉండనీ" అన్నాడు. చివర్లో గబగబా అనలేదు.

ఒక మధ్యాహ్నం నర్సు పెట్టెకున్న గుండ్రటి కిటికీ తెరిచి, "చేతులు మోచేతి దాకా కడుక్కుని రండి. కాసేపు తాకవచ్చు" అంది. ఆమె కుడిచేత్తో కెమెరా అద్దానికి ఆనించి పట్టుకుని, ఎడమచేతి వేలు లోపల పెట్టింది. వాడు కళ్ళు తెరవలేదు. ఐదు వేళ్ళూ ఒకటొకటిగా విప్పి, ఆ వేలిని పట్టుకుని మూసేశాడు. అంత చేతికి అంత పట్టు ఎలా వచ్చిందో! ఆమె చూపుడువేలు గోరు కూడా పూర్తిగా కప్పలేదు వాడి పిడికిలి. ఒంటిచేత్తోనే మీట నొక్కింది.

"చాలు, ఇక తీసెయ్యండి" అని నర్సు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం చెల్లెలికి చూపించిన ఫొటోల్లో అది లేదు. దాచాలని దాచలేదు. తెర మీద అది వచ్చే వేళకు వేలు దానంతటదే దాన్ని దాటించేసింది.

మరిది వచ్చాడు. ఓడ దిగిన బట్టలతోనే, గడ్డం మాసి, సూట్‌కేసు ఈడ్చుకుంటూ. భార్య మంచం దగ్గర కాసేపు ఉండి, కిందికి దిగి, వార్డు తలుపు ముందు నిలబడ్డాడు.

"తండ్రి వచ్చాడుగా. ఇక పాసు ఆయన పేరు మీదికి మార్చేస్తాం పెద్దమ్మా" అంది నర్సు.

"అవును, మార్చండి" అంది ఆమె వెంటనే.

మరిదికి ఆకుపచ్చ గౌను వెనక ముడి తనే వేసింది. చేతులు ఎలా రుద్దుకోవాలో చూపించింది. కెమెరా మెడలో వేసింది.

"వదినా, నాకు ఓడ ఇంజను తప్ప ఇంకో యంత్రం తెలీదు. దీనికేం తిప్పాలి?"

"తిప్పడానికేం లేదు మరిదీ. నువ్వే దగ్గరికెళ్ళాలి. భయపడకు. అద్దానికి ఆనించి, వాడు ఊపిరి తీసుకున్నప్పుడు నొక్కు."

"ముట్టుకుంటే ఏమన్నా అవుతుందా?"

"ఏమీ కాదు. పట్టుకుంటాడు."

తలుపు మూసుకుంది. ఆమె బెంచీ మీద కూర్చుంది. చేతులు ఖాళీగా ఉంటే ఏం చెయ్యాలో తెలియక ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. చాలాసేపటికి అతను బయటికొచ్చాడు. ముక్కూ కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. ఫొటోలు చూపించాడు. అన్నీ కదిలిపోయినవే. నీలం మరక, ఎర్ర మరక. ఒక దాంట్లో మాత్రం మూలన ఏదో చెవిలా ఉంది.

"టోపీ మార్చారా?" అడిగింది ఆమె. "నిన్నటిది పసుపుది. గొట్టం ఇంకా కుడివైపే ఉందా? బరువు చూశారా? కళ్ళు తెరిచాడా?"

మరిది తెల్లబోయి చూశాడు. ఇవన్నీ తనను ఎవరు ఎలా అడిగారో ఆమెకు అప్పుడు తట్టింది. నోరు మూసుకుని, ఆ చెవిలాంటి దాన్నే పెద్దది చేసుకుని చూస్తూ కూర్చుంది.

ఇంకొన్నాళ్ళకు చెల్లెలి జ్వరం విడిచింది. చక్రాల కుర్చీని వార్డు తలుపు దాకా అక్కే తోసుకెళ్ళింది. దారిపొడుగునా చెల్లెలు జుట్టు సర్దుకుంటూనే ఉంది.

"ఎలా ఉన్నానే?"

"వాడికి ఇంకా చూపు సరిగా ఆనదు. ఎలా ఉన్నా పరవాలేదు."

"అక్కా, నన్ను గుర్తుపడతాడా? ఇన్ని రోజులూ చూసింది నిన్నే కదా."

"గొంతు తెలుసు. లోపలున్నన్నాళ్ళూ వాగుతూనే ఉన్నావుగా."

గడప దగ్గర మరిది కుర్చీ అందుకున్నాడు. తలుపు మళ్ళీ మూసుకుంది. కాసేపటికి నర్సు తల బయటికి పెట్టి "గుప్పెడు వాళ్ళమ్మ గుండెల మీద పడుకున్నాడు పెద్దమ్మా" అని చెప్పి వెళ్ళిపోయింది. ఆమె అక్కడే, నడవాలో, వెళ్ళేవాళ్ళకూ వచ్చేవాళ్ళకూ దారి ఇస్తూ నిలబడింది. సంతోషమే. అది సంతోషం కాదంటే కళ్ళు పోతాయి. అయినా జానెడు దూరం ఒక్కసారిగా మైదానమంత అయిపోయినట్టు ఉంది.

వాడు బతికాడు, పెరిగాడు. వార్డు వాళ్ళు చప్పట్లు కొట్టి పంపారు. మరిది మళ్ళీ ఓడెక్కాడు. ఆమె మైదానానికి వెళ్ళిపోయింది. బారెడు లెన్స్‌తో ఎప్పటిలాగే ఫొటోలు తీసింది, ఎప్పటిలాగే పత్రికలో మొదటి పేజీకి వచ్చాయి. కానీ గోలు కొట్టినవాడు అంత దూరాన చేతులు చాపి పరిగెత్తుతుంటే, లేచి ఆ గీత దాటి వెళ్ళిపోవాలనిపించేది.

సెలవు దొరికిన రోజు చెల్లెలి ఇంటికి వెళ్ళింది. హాలు నిండా ఆరేసిన చిన్న బట్టలు. చెల్లెలు ఒళ్ళో వాడితో, ఎదుట ల్యాప్‌టాప్‌తో కూర్చుని ఉంది. ఆస్పత్రి ఫొటోలన్నీ అందులోకి ఎక్కించి ఒక్కొక్కటే చూస్తోంది. అక్క పక్కన చేరి, ఇది ఫలానా రోజు, ఇక్కడ తుమ్మాడు, ఇక్కడ నర్సు పాట పాడుతోంది, అని చెబుతోంది. ఉన్నట్టుండి వేలి ఫొటో వచ్చింది. ఈసారి దాటించడానికి మీట ఆమె చేతిలో లేదు.

"ఇదెప్పటిది?"

"మరిది రాకముందు."

"అప్పటికి నేను వాణ్ణి కళ్ళతో కూడా చూడలేదు."

"లేదు."

"ఆ వేలు నీదే."

"నాదే."

చెల్లెలు ల్యాప్‌టాప్ మూసింది. "కుళ్ళుగా ఉందక్కా" అంది. "నీ మీద కాదు." ఒళ్ళో వాణ్ణి సర్దుకుని, "అబద్ధమెందుకు, నీ మీదే. ఆ రోజులన్నీ నీ దగ్గరున్నాయి. నా దగ్గర ఫొటోలున్నాయి."

"నాకూ ఉందే కుళ్ళు" అంది అక్క. "ఇంకా మిగిలిన రోజులన్నీ నీ దగ్గర లేవూ?"

ఇద్దరూ వాడి వైపే చూస్తూ కూర్చున్నారు. ఇన్నేళ్ళుగా ఎత్తని మాట అంత మామూలుగా బయటికొచ్చేసినందుకు ఇద్దరికీ కొంచెం ఆశ్చర్యంగానే ఉంది.

"ఒకటి చెప్పు. అది ఏ ఫొటోలోనూ లేదు" అంది చెల్లెలు. "అప్పుడు వాడి వాసన ఎలా ఉండేది?"

అక్క ఆలోచించింది. "తెలీదు బంగారం. పెట్టెలోంచి వాడి వాసన వచ్చేది కాదు. నా చేతుల మీది మందు సబ్బు వాసనే."

"అయితే నీకూ తెలీదు."

"నాకూ తెలీదు."

చెల్లెలు లేచింది. వాణ్ణి అక్క చేతుల్లో పెట్టింది. "నేను తలంటుకుని ఎన్నాళ్ళైందో. కాసేపు చూసుకో" అని తువ్వాలు తీసుకుని స్నానాలగదిలోకి వెళ్ళిపోయింది.

ఇప్పుడు వాడు గుప్పెడు కాదు. రెండు చేతులూ నిండాడు. ఆమె వంగి, వాడి నడినెత్తి మీద ముక్కు ఆనించింది. పాలు, నూనె, ఎండలో ఆరిన బట్ట, ఇంకా పేరు తెలియనిదేదో. కళ్ళు మూసుకుంది. వాడు కదిలాడు. తల అటూ ఇటూ తిప్పి, ఆమె జాకెట్టు మీద నోటితో వెతుక్కున్నాడు. వెతికి వెతికి, దొరకక, ముఖం ముడుచుకుని ఏడుపు అందుకున్నాడు.

"ఒసేయ్, వీడు నిన్ను అడుగుతున్నాడే" అని కేకేసింది.

"ఇదిగో వచ్చేస్తున్నా! కాసేపు ఊపు!" నీళ్ళ చప్పుడులోంచి చెల్లెలి గొంతు.

ఆమె వాణ్ణి భుజాన వేసుకుని, ఆరేసిన చిన్న బట్టల మధ్య అటూ ఇటూ నడిచింది. వీపు మీద తడుతుంటే వాడి ఏడుపు ఎక్కిళ్ళయింది. తడి ముఖం ఆమె మెడవంపులో దూర్చుకున్నాడు. ఆకలి అలాగే ఉంది, అయినా ఆగాడు. లోపల నీళ్ళు పడుతూనే ఉన్నాయి. తొందరగా రావే అని ఇంకోసారి పిలవాల్సిందే. ఆమె పిలవలేదు.